మళ్లీ తెరవని గదిలో ఆయన అతుకులు

మొన్న మోకాలి నొప్పి తగ్గక ఆసుపత్రికి వెళ్లాను. చిన్న వయసు డాక్టరు నా ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఇదిగోనమ్మా, ఈ సన్నటి నల్లగీత చూడండి" అన్నాడు. నేను ఫిల్ము చేతిలోకి తీసుకుని, కొంచెం వాల్చి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎముకలో ఉన్న గీతేనా, ఫిల్ము మీద పడ్డదా?" అని అడిగాను. డాక్టరు నవ్వి, "మీరు ఇదివరకు ఈ పనిలో ఉన్నారా?" అన్నాడు.

లేను. జహీరాబాదు ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పి రిటైరయిన దాన్ని. ఫిల్మును వాల్చి చూడాలని నాకు నేర్పింది డాక్టరు కాదు, బొంబాయి రోడ్డు మీద లారీలకు అతుకులు వేసిన మనిషి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయిన సంగతి ఆయన భార్య రాయించిన కార్డు వల్ల, రెండు నెలలు ఆలస్యంగా తెలిసింది. కార్డు వచ్చిన రోజున కూడా ఆయన ఇంతగా గుర్తుకు రాలేదు.

నేను ఉద్యోగానికి వచ్చేటప్పటికి జహీరాబాదు బీదరు జిల్లా నుంచి తెగి మెదక్ జిల్లాలో కలిసి మూడు నాలుగేళ్లయింది. రోడ్డు పక్క సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. సందు మొదట్లో రేకుల కప్పు కింద ఒక వెల్డింగు షాపు. లారీల చట్రాలు, సైలెన్సర్లు, చెరుకు కాలంలో బెల్లం వండే పెద్ద పెద్ద పెనాలు అక్కడికి వచ్చేవి. కార్బైడ్ వాసన పొద్దంతా నా గదిలో ఉండేది. షాపు వేరే ఆయనది. పని మాత్రం ఈయనది.

న్యాల్‌కల్ దగ్గర పల్లె ఆయనది. తండ్రి బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసేవాడట. చదువు ఉర్దూలో నాలుగో తరగతి. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. నిండా నలభై ఉండవు, కానీ నడక నెమ్మది.

బడిలో నీళ్ల పీపా కారుతుంటే ఆయన్ని పిలిపించాం. పీపా వంచి నీళ్లు పారబోసి, ఆరనిచ్చి, అతుకు వేశాడు. చల్లారాక రెండు కళ్లూ మూసుకుని బొటనవేలి గోరుతో అతుకు పొడవునా మెల్లగా రాశాడు. ఏదో అడగబోతే ఎడమ చెయ్యి పైకెత్తాడు, మాట్లాడొద్దన్నట్టు. తర్వాత పీపా నిండా నీళ్లు పోయించి, వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండో గంట అయింది, మూడో గంట అయింది, మనిషి కదలడు.

"పని అయిపోయింది కదా, వెళ్లొచ్చు" అన్నాను.

"అయింది అని నేను జెప్తె గాదు, టీచరమ్మా. నీళ్లు జెప్పాలె" అన్నాడు.

బడి వదిలేదాకా కూర్చుని, పీపా కింద నేలను చేత్తో తడిమి చూసి, "ఇప్పటికైతె పట్టింది" అని వెళ్లాడు. ఆయన నోట బాగుందన్న మాట నేను ఎన్నడూ వినలేదు. ఎంత చక్కటి పనికైనా ఆ ఒక్క మాటే, "ఇప్పటికైతె పట్టింది."

ఎక్కడికి వెళ్లినా ఆయన కళ్లు అతుకుల మీదే ఉండేవి. మొదటిసారి మా గదికి వచ్చినప్పుడు కూర్చోమంటే కూర్చోకుండా నా బకెట్టు బోర్లించి అడుగు చూశాడు. మర్యాద తెలియని మనిషి అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. చాయ్ ఇస్తే గ్లాసు అంచు చూస్తాడు. బస్సెక్కితే పైకప్పు చూస్తాడు. ఆయన భార్య బీదరు వైపు అమ్మాయి. మాటలో కన్నడం కలిసేది, నవ్వుతూ మాట్లాడేది. "పెండ్లి చూపులకు వచ్చి నన్ను గాదు, మా ఇంటి గంగాళం చూసిండు మీ అన్న" అని నాతో అనేది. ఆమె అలా అనబట్టే నేనూ ఆయన్ని అన్నా అని పిలవడం మొదలుపెట్టాను.

ఒక ఎండాకాలం బొంబాయి వైపు పోతున్న జీపు ఒకటి చట్రం విరిగి షాపు ముందు ఆగింది. అందులో ఒక పెద్ద వయసు ఇంజనీరు. ఈయన అతుకు వేసి పంపించాడు. వానాకాలం వెళ్లాక అదే జీపు మళ్లీ వచ్చి ఆగింది. ఇంజనీరు దిగి, ప్యాంటుకు మట్టి అంటుతున్నా లెక్కచేయకుండా జీపు కింద పడుకుని, ఈయన వేసిన అతుకునే ఈయనకు వేలితో చూపించాడు. చుట్టూ ఇనుము తుప్పు పట్టి పొరలు లేచింది, అతుకు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎవరు నేర్పారు నీకు?" అని హిందీలో అడిగాడట.

"ఈ రోడ్డే నేర్పింది సాబ్" అన్నాడట ఈయన.

ఇంజనీరు ఒక కాగితం మీద చిరునామా రాసిచ్చాడు. బొంబాయి శివార్లలో, సముద్రం పక్కన, అణుశక్తి మీద పనిచేసే చోటు. అక్కడ కొత్త ఫ్యాక్టరీ ఒకటి కడుతున్నారు, వెల్డర్లకు పరీక్ష పెడుతున్నారు, వచ్చి చూడమన్నాడు. వారం తిరిగేసరికి ఇంగ్లీషులో దరఖాస్తు కాగితం పోస్టులో వచ్చింది. అది పట్టుకుని భార్యాభర్తలిద్దరూ మా గదికి వచ్చారు.

నేను వివరాలు నింపుతుంటే ఆయన అడిగాడు, "ఆడ ఏం జేస్తరు టీచరమ్మా?"

పత్రికల్లో చదివిన కొద్దిపాటి సంగతులు చెప్పాను. యురేనియం అనే లోహం రియాక్టరులో వేడిని ఇస్తుందని, కొన్నాళ్లకు దాన్ని బయటికి తీసేసినప్పుడు నిజంగా ఖర్చయింది చాలా కొంచెమేనని, పైగా అందులో ప్లుటోనియం అనే కొత్త ఇంధనం పుట్టి ఉంటుందని చెప్పాను. దాన్ని తేజాబ్‌లో, అంటే ఆమ్లంలో, కరిగించి, వేరు చేసి తీయడానికే ఆ ఫ్యాక్టరీ. అలా తీసిన ఇంధనాన్ని రేపు మరో రకం రియాక్టరులో పెడితే, అది తిన్నదానికన్నా ఎక్కువ పుట్టిస్తుందని శాస్త్రవేత్తలు లెక్కలు వేస్తున్నారు. మన దేశంలో యురేనియం తక్కువ కాబట్టి ఒకసారి వాడి పారేస్తే మనకు సాగదు. ఇంతకు మించి నాకూ తెలియదని చెప్పాను.

ఆయన భార్య వింటూ వింటూ, "మా తల్లిగారింట్ల అల్లం గిట్లనే గదా" అంది. "పెట్టిన ముక్కను రెండు మూడు నెల్లకు పక్క నుంచి తవ్వి తీస్కుంటరు. చెట్టు చావది. పెట్టిందీ చేతికొస్తది, కొత్తదీ ఊరుతది."

"తీసేటప్పుడు వేరు తెగొద్దు. అసలు పని గదే" అన్నాడాయన.

తర్వాత పైపుల గురించి అడిగాడు. ఆ ద్రావకం నుంచి వచ్చే కిరణాల దగ్గరికి మనిషి పోకూడదని, అందుకే మందపాటి గోడల గదుల్లో పెట్టి, బయటి నుంచి నడిపిస్తారని చెప్పాను.

"పైపు కారితె?"

"ఫ్యాక్టరీ నడవడం మొదలైతే మళ్లీ లోపలికి పోయి అతకడం కుదరదన్నా. కారకుండానే కట్టాలి."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గసొంటి అతుకు నేను ఎన్నడు వెయ్యలే" అన్నాడు. "నేనేసిన అతుకులన్ని మల్ల నా కాడికే వస్తయి. విరిగితె మల్ల వేస్త. మల్ల చూస్తం అనే మాట ఆడ ఉండది అన్నట్టు."

భయపడ్డాడనుకున్నాను. కానీ వేలిముద్ర వేసే చోట తన పేరు ఉర్దూలో రాసి, కాగితం మడతపెట్టి తీసుకుపోయాడు.

బొంబాయి వెళ్లిన ఎనిమిదో రోజున తిరిగి వచ్చాడు. పరీక్షలో తప్పాడు. ఈలోగా షాపు యజమాని ఆయన జాగాలో మరొకరిని పెట్టుకున్నాడు. బడి వరండాలో, ఆ రోజు పీపా దగ్గర కూర్చున్న చోటే కూర్చుని జరిగింది చెప్పాడు. గోడకూ పైపుకూ మధ్య మూడు వేళ్ల సందు. పైపు వెనక వైపు కంటికి కనబడదు. చిన్న అద్దం పెట్టి, అందులో చూస్తూ అతకాలి.

"అద్దంల కుడిది ఎడమైతది టీచరమ్మా. నా చెయ్యి నా మాట ఇనలే. ఇరవై ఏండ్ల సంది పనిజేసిన చెయ్యి, పసిపిల్లగాని లెక్క అటిటు పోయింది." కాసేపు అరచేతులు చూసుకున్నాడు. "మూడు నెల్లకు మల్ల రమ్మన్నరు. పోవాల్నా వద్దా సమజైతలేదు."

నేను ధైర్యం చెప్పలేదు. లోపలికి పోయి సైన్సు బీరువాలోంచి అద్దం, కాగితం తెచ్చి, పిల్లలకు ప్రతిబింబం పాఠం చెప్పినట్టు చెప్పాను. ఏది తారుమారవుతుంది, ఏది కాదు. కిందామీదా ఎందుకు మారవు. ఆయన ఇంకొకసారి చెప్పమన్నాడు. చెప్పాను. మూడోసారి ఆయనే నాకు చెప్పాడు.

ఆ మూడు నెలలూ వాళ్లింట్లో అద్దం ఆయనదే అయింది. గుంజకు కట్టి, అందులో చూస్తూ కుండ వెనక బొగ్గుతో గీతలు గీశాడు. ఉర్దూ అక్షరాలు రాశాడు. చివరికి అద్దంలో చూస్తూ అన్నం కూడా తిన్నాడు. "బొట్టు పెట్టుకోవాల్నంటె మీ అన్నను అడుక్కోవాలె" అని ఆయన భార్య నాతో మొరపెట్టుకుంది. షాపు లేదు కనుక సామాను సైకిలుకు కట్టుకుని మొగుడంపల్లి వైపు చెరుకు గానుగల దగ్గరికి పోయి పెనాలకు మాట్లు వేసేవాడు. అక్కడ కూడా, ఎదురుగా కూర్చుని చేయగల పనిని కావాలని వెనక నుంచి, అద్దంలో చూసి చేసేవాడట. రైతులు వింతగా చూసేవారట.

రెండోసారి వెళ్లి తిరిగి రాలేదు. పరీక్ష నెగ్గానని, పనిలో పెట్టుకున్నారని కార్డు వచ్చింది. వారం తర్వాత వచ్చి భార్యను తీసుకుపోయాడు.

మళ్లీ నేను ఆయన్ని చూసింది రెండు ఎండాకాలాల తర్వాత, భార్యతో కలిసి మా గదికి వచ్చినప్పుడు. మనిషి కొంచెం చిక్కాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. సంచిలోంచి నల్లటి ఫిల్ము ఒకటి తీసి నాకిచ్చాడు. నేర్చుకునే రోజుల్లో తను అతికిన ముక్కకు తీసిన ఎక్స్‌రే. పనికిరాదని పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు.

"నిటారుగ పట్టకున్రి. వాల్చి చూడున్రి. ఫిల్ము మీద గీతైతె మెరుస్తది. లోపలిదైతె మెరువది." అతుకులో ఒక చోట ఆవగింజంత నల్లచుక్క చూపించాడు. "గదుగో, గాలి బుడగ. నా మొదటి పాపం."

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ ఒక సంగతి చెప్పాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

ఒక పైపు అతుకు వేస్తున్నప్పుడు చెమట కంట్లో పడింది. రెప్పపాటు చెయ్యి ఆగినట్టు అనిపించింది. పని పూర్తి చేశాడు. ఎక్స్‌రే తీశారు, ఫిల్ములో ఏ మచ్చా లేదు. మేస్త్రి సంతకం పెట్టేశాడు.

"ఫిల్ము సాఫ్ ఉన్నది. గని పగులు వాలుగ ఉంటె ఫిల్ము పట్టది. గది నాకెర్క. మూడు దినాలు అన్నం సయించలే. నాలుగో దినం దానికి అడ్డంగ ఇంకో వరుస పైపులు పెడుతున్నరు. పెడితె ఇగ చెయ్యి పోదు. పోయి మేస్త్రికి చెప్పిన, ఆ అతుకు కొయ్యాలె అని."

"ఏమన్నాడు?"

"ఫిల్ము కన్న నీ బొటనవేలు గొప్పదా అన్నడు. అందరి పని ఆగుతది అన్నడు. నేను ఆడనే నిలబడ్డ. ఆఖరికి పెద్ద సారు కాడికి పోయింది మాట. కొయ్యమన్నడు."

కోశారు. కోసిన ముక్కను పట్టీలుగా చీల్చి, వంచి చూశారు. ఏమీ లేదు. అతుకు గట్టిగా, శుభ్రంగా ఉంది.

ఆయన ఆ మాట చెప్పి నా ముఖం చూశాడు. ఏదో దొరికి ఉంటుందని నేను అనుకుంటున్నట్టు ఆయనకు తెలిసిపోయింది.

"ఏం దొరకలే టీచరమ్మా. అందరు నవ్విన్రు. మంచి అతుకును కోయిస్తి. ఇంటికొచ్చి, మూట కట్టు, ఊరికి పోదాం అన్న."

"నేను కట్టిన గూడ" అంది భార్య. "బోళ్లు, చాప, అన్ని కట్టిన."

మర్నాడు పెద్ద సారు పిలిపించాడు. గదిలో మేస్త్రి కూడా ఉన్నాడు. ఈయన నిలబడే ఉన్నాడు.

"పెద్ద సారు ఒక్కటే అడిగిండు. మల్ల ఎన్నడన్న గిట్ల అనుమానం వస్తె చెప్తవా అని. అప్పటికే సిగ్గుతోని సచ్చిపోతున్న. చెప్పను అంటె నౌకరి ఉంటదేమో, చెప్త అంటె పొమ్మంటడేమో అనుకున్న. ఆఖరికి, చెప్త సార్ అన్న."

"అప్పుడు?"

"అయితే పోయి పని జూస్కో, కోసిన కాడ నువ్వే అతకాలె అన్నడు. గంతే."

కోసిన చోట కొత్త ముక్క పెట్టాలి కాబట్టి ఇప్పుడు ఒకటి కాదు, రెండు అతుకులు వేయాలి. రెండూ గోడవైపే, రెండూ అద్దంలో చూసే వేయాలి. అవి వేస్తుండగానే మధ్యాహ్నం భోజనాల వేళకు మరో ఇద్దరు వెల్డర్లు, ఒకరి తర్వాత ఒకరు, పెద్ద సారు గదికి వెళ్లారట. తమకూ ఒక్కొక్క అతుకు మీద అనుమానం ఉందని, ఇన్నాళ్లూ చెప్పడానికి భయపడ్డామని అన్నారట. ఆ రెండింటినీ కోస్తే ఒకదానిలో లోపలి వైపు వెంట్రుకంత పగులు దొరికింది. ఫిల్ములో అది కనబడలేదు.

"ఆ మేస్త్రి నా కాడికొచ్చి పక్కన కూసున్నడు. తన డబ్బాలకెంచి ఒక రొట్టె తీసి నా గిన్నెల పెట్టిండు" అన్నాడు.

నేను ఆ తర్వాత బడిలో ఒక మార్పు చేశాను. ప్రయోగం తప్పిపోయిన పిల్లలు తమకు వచ్చిన అంకెను పక్కవాళ్లను చూసి దిద్దుకునేవారు. తప్పొచ్చిన అంకె అలాగే రాసి, ఎక్కడ అనుమానం ఉందో పక్కన రాస్తే మార్కులు తగ్గించనని చెప్పాను. మొదటి నెల ఎవరూ నమ్మలేదు. ఒక్క పిల్ల రాసింది. తర్వాత తర్వాత అందరూ రాయడం మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్షనుకు వచ్చినాయన ఇన్ని తప్పులేమిటని అడిగాడు. తప్పులు ఎప్పుడూ ఇన్నే, ఇప్పుడు కనబడుతున్నాయి అని చెప్పాను. ఆ ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలియదు.

ఆఖరుసారి ఆయన్ని జహీరాబాదు బస్టాండులో చూశాను. 1960ల చివరి రోజులు. భార్యాభర్తలిద్దరూ సామాన్లతో ఉన్నారు. హైదరాబాదు పక్కన రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే కొత్త ఫ్యాక్టరీ కడుతున్నారని, కుర్ర వెల్డర్లకు పని నేర్పడానికి ఆయన్ని అక్కడికి పంపిస్తున్నారని చెప్పారు. ఊరు చూసుకుని పోదామని దారిలో దిగారట. బస్సుకు ఇంకా టైముంది. పక్క హోటల్లో కూర్చున్నాం.

బొంబాయి ఫ్యాక్టరీ ఎలా నడుస్తోందని అడిగాను.

"తలుపులేసిన దినం నేను బయటనే నిలబడ్డ" అన్నాడు. "లోపల మైళ్ల కొద్ది పైపులు. అండ్ల నావి ఎన్నో అతుకులు. అన్నిటిని చేత్తోని తడిమిన. తలుపు పడ్డంక, ఇగ ఈ జన్మల చూడను అనుకున్న. కండ్లల్ల నీళ్లు వచ్చినయి. బిడ్డను అత్తగారింటికి తోలినట్టు గాదు. అట్లయితె పండుగకన్న వస్తది."

"అయితే ఎలా ఉన్నాయో మీకు ఎలా తెలుస్తుంది?"

"నడుస్తున్నది గదా. తేజాబ్ పోతున్నది, సరుకు బయటికొస్తున్నది. తీసినదాన్ని కొత్త రకం రియాక్టరుకు వాడనీకి మద్రాసు దిక్కు జాగా చూస్తున్నరట. తలుపులేసి మూడేండ్లాయె. అతుకు కారిందని ఒక్కసారి గూడ నన్ను పిలువలే."

పిలవలేదన్న మాటను అంత తృప్తిగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. బస్సు వచ్చింది. ఆయన సామాను పైకి ఎక్కించడానికి పోయాడు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"పిలువలే అని ఇప్పుడు నవ్వుతున్నడు గని, మొదటి ఏడాది ఎట్ల గడిచిందో నాకెర్క టీచరమ్మా. ఎవరన్న తలుపు కొడితె చాలు, ఫ్యాక్టరీ కెంచి మనిషొచ్చిండని చెప్పులు తొడుక్కునేటోడు. అన్నం కాడికెంచి లేచి తొడుక్కునేటోడు."

"ఇప్పుడు?"

ఆమె బస్సు పైకి చూసింది. ఆయన పెట్టెను తాడుతో కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూస్తున్నాడు.

"ఇప్పుడు తలుపు కొడితె, ఎవరో సుట్టాలొచ్చినట్టున్నరు, చాయ్ పెట్టు అంటడు" అంది.